చరాస్తి కింద అమ్మ దగ్గు

పొద్దున్నే ముందుగదిలో దూది ఏకి దిండ్లలో కూరడం చెల్లెలి పని. ఆ వేళకు అమ్మ దగ్గు వంటింట్లో మొదలై, నడవలోంచి వచ్చి, ఆమె పక్కన కాసేపు ఆగి, పెరట్లోకి పోయేది. అమ్మ పోయింది గానీ దగ్గు పోలేదు. దిండ్ల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో పక్కకు జరిగి దానికి దారి ఇచ్చేవాళ్లు. పక్కింటావిడైతే, "ఇవాళ కాస్త నయంగానే ఉన్నట్టుందే" అని పలకరించి మరీ వెళ్లేది.

అన్న టైర్ల వ్యాపారి. జబ్బు ముదిరినప్పుడు, ఆసుపత్రికి దగ్గరని అమ్మ అతనింటికి వెళితే, రెండో రోజే ఆటో ఎక్కించి పంపేశాడు. "దగ్గు తగ్గాక రామ్మా, వచ్చేపోయేవాళ్లు ఇబ్బంది పడుతున్నారు" అన్నాడట. అది తగ్గలేదు, ఆమె మళ్లీ వెళ్లలేదు. చావుకి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, గోడలు ఎంత దిట్టంగా ఉన్నాయో తట్టి చూసుకున్నాడు మహానుభావుడు. అది చూసినప్పటి నుంచి చెల్లెలికి కడుపు మండిపోతూనే ఉంది. వాణ్ణి ఏడిపించకుండా వదలకూడదనుకుంది.

వీలునామా రాయమంటే, "నేనిప్పుడే పోతానేంటే!" అని కసిరే మనిషి అమ్మ. అందుకని ఆస్తి పెత్తనం తనకివ్వమని అన్న కోర్టులో దరఖాస్తు పెట్టుకున్నాడు. అదొస్తే ఇల్లు అమ్మేస్తాడు. చెల్లెలికి వాటా వస్తుంది గానీ నిలువనీడ పోతుంది. అభ్యంతరముంటే చెప్పమని ఆమెకు నోటీసు వచ్చింది. కొంగు బిగించి వెళ్లింది. దగ్గు కూడా వెంట వెళ్లింది.

"ఇల్లొక్కటే సార్," అంటున్నాడు అన్న, కోర్టు గుమస్తాతో. "చరాస్తులంటూ ఏమీ లేవు, నాలుగు సొట్టగిన్నెలు తప్ప."

చెల్లెలు పోట్లాటకే వచ్చింది. కానీ ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"చరాస్తంటే ఏంటండీ?"

"కదిలేదమ్మా," అన్నాడు గుమస్తా. "ఇల్లు కదలదు, స్థిరాస్తి. కదిలేదంతా చరాస్తే."

సరిగ్గా అప్పుడే దగ్గు బల్ల దగ్గర్నుంచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

"అది మా అమ్మదేనండీ. కదులుతుంది కూడా."

గుమస్తా కళ్లజోడు సర్దుకుని కాసేపు విన్నాడు. "చనిపోయినావిడదే. కదులుతోంది. రాయాల్సిందే," అని జాబితాలో చేర్చాడు.

అన్న పకపకా నవ్వాడు. "రాసుకోండి సార్, పోయేదేముంది!"

"అయితే నాకే అభ్యంతరమూ లేదు," అంది చెల్లెలు. "పెత్తనం అన్నయ్యకే ఇవ్వండి."

రొట్టె విరిగి నేతిలో పడిందనుకుని అన్న గబగబా ప్రమాణం చేసేశాడు. జాబితాలోని సమస్తాన్నీ, వారసులకు సమానంగా పంచేదాకా, తన దగ్గరే ఉంచుకుని కాపాడతానన్నాడు. బయటికొచ్చి కారెక్కాడు. దగ్గు వెనక సీట్లో ఎక్కింది. "అమ్మా, దిగు" అనబోయి చెల్లెలు నోరు నొక్కుకుంది.

ఇల్లు కొనడానికి మనిషి కుదిరాడు. అమ్మడానికి అనుమతి కోసం అన్న కోర్టుకు వెళితే గుమస్తా తల అడ్డంగా ఊపాడు.

"పంపకమంటే అన్నీ పంచాలి. ముందు ఆ దగ్గును రెండు వాటాలు చేసి తీసుకురండి."

దగ్గు సగమవుతుందా? అది అతని హాల్లో తిరిగింది, భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు రావడం మానేశారు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. టైర్ల కొట్టుకు వెళితే అక్కడికీ వచ్చింది. చివరికి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"చెల్లీ, నీ కాళ్లు పట్టుకుంటానే. నా వాటా కూడా నీకే రాసిచ్చేస్తా. దీన్ని తీసుకుపోవే తల్లీ!"

ఆమె ముందు దూది అలాగే పడి ఉంది. దగ్గు లేని ఇంట్లో చేతులు ఆడక చాలా రోజులైంది. ఊఁ అంటే ఇల్లూ దక్కుతుంది, అమ్మ దగ్గూ తిరిగొస్తుంది.

"ఫోను దానికి దగ్గరగా పెట్టన్నయ్యా," అంది.

పెట్టాడు. కళ్లు మూసుకుని కడుపునిండా వింది. చెంపలు తడిసిపోయాయి.

"ఇంకాస్త గట్టిగా దగ్గమ్మా," అని ఫోన్ పెట్టేసింది.