పడమటి రోడ్డు మీద ఎదురుమంట

టోర్స్‌బీలో ఎవరికీ తెలియకుండా తుమ్మడం కూడా కుదరదు. కొండ లేదు, గుట్ట లేదు, చుట్టూ బల్లపరుపు గడ్డి నేల. ఎవరి బండి ఏ రోడ్డు ఎక్కిందో, ఎందుకెక్కిందో, అది కనుమరుగయ్యేలోపే ఊరంతా చెప్పుకోవడం అయిపోతుంది. ఒకప్పుడు రైలుండేది. ధాన్యం గోదాము మూతపడగానే పట్టాలు పీక్కుపోయారు. కట్ట ఒక్కటి మిగిలింది, ఊళ్ళో అదే ఎత్తు.

ఊరి మొదట బోర్డు మీద జనాభా నూట నలభై అని ఉంటుంది. ఆ అబద్ధాన్ని చెరిపే ఓపిక ఎవరికీ లేదు. నిజానికి ఉన్నది పంతొమ్మిది మంది. పాత టీచరమ్మ ఇల్లు చవగ్గా దొరికితే కొనుక్కుని, పట్నం నుంచి వచ్చిపడ్డ లిడియాని కలిపితే ఇరవై. కానీ ఆవిణ్ణి ఎవరూ కలపరు. రెండు చలికాలాలు తట్టుకుని ఉంటే అప్పుడు చూద్దాం అనుకున్నారు. ఎదురుపడితే గాలి గురించో చలి గురించో రెండు ముక్కలు మాట్లాడి ఎవరిదారిన వాళ్ళు పోతారు. చెడ్డవాళ్ళని కాదు. పోయేవాళ్ళని చూసీ చూసీ విసిగిపోయారు, ఉంటారో ఉండరో తెలియని మనిషి మీద మమకారం పెంచుకోవడం దండగనుకున్నారు.

ఈ ఊరికి ఒక అగ్నిమాపక దళం, దానికి పెద్ద రాగ్నా. దళమంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఆరుగురు మనుషులు, ఒక నీళ్ళ బండి. ఆ ఆరుగురిలో ఇద్దరికి మోకాళ్ళు పనిచెయ్యవు, ఒకడు బఠానీ విత్తడానికి పక్క జిల్లాకి పోయాడు. రాగ్నాకి ముందు ఆ పెద్దరికం ఆమె మేనమామ ఎడ్విన్‌ది. ముప్ఫయ్యేళ్ళు చేశాడు. గాలి ఎటు తిరుగుతుందో, తడి గడ్డి ఎలా పొగ చిమ్ముతుందో, వచ్చే మంటకి మేత లేకుండా ముందున్న గడ్డిని తామే కాల్చేసే ఎదురుమంట ఎప్పుడు పెట్టాలో, అన్నీ ఆయన పక్కన నిలబడి నేర్చుకుంది. తల్లి పోయాక ఆమెకి మిగిలిన రక్తసంబంధం కూడా ఆయనొక్కడే. ఆయనది ఊరికి పడమట ఒంటి ఇల్లు. పడమటి రోడ్డు దాటాక అరమైలు లోపలికి పోవాలి, ఆ సందుదారి తప్ప ఇంకో దారి లేదు. ఇంటి చుట్టూ గాలికి అడ్డంగా ఆయన తండ్రి నాటిన చెట్ల వరస, సగం ఎండిపోయి ఉంటుంది.

ఆ ఏడు మంచు సరిగా పడలేదు. మే వచ్చినా చినుకు లేదు. గురువారం మధ్యాహ్నం రాగ్నా తన పొలంలో విత్తే మిషనుకి విత్తనాల పెట్టె నింపుతుండగా పడమట ఆకాశం గోధుమరంగుకు తిరిగింది. ఏ కరెంటు తీగ తెగిందో, ఎవడు సిగరెట్టు విసిరాడో దేవుడికెరుక. గాలి మాత్రం నేరుగా ఊరి మీదికే వీస్తోంది.

సైరన్ మోగింది. దళంలో కదలగలిగిన వాళ్ళు పడమటి రోడ్డు మీదికి చేరారు. మిగతావాళ్ళని తూర్పు చివరున్న ఊరి హాలులో పోగేసే పని డోరీన్‌ది. ఆవిడ పోస్టాఫీసు నడిపినన్నాళ్ళూ ఊరందరి గుట్టూ నోట్లో పెట్టుకుని తిరిగిన మనిషి, ఇప్పటికీ అలవాటు పోలేదు.

"అందరూ వచ్చారా, డోరీన్?" రాగ్నా ఫోన్లో అడిగింది.

"వచ్చారు. ముసలి గున్నార్ పిల్లిని సంకనేసుకుని వచ్చాడు, అది నన్ను రక్కింది. మీ మావయ్య ఒక్కడే లేడు."

"ఇవ్వాళ గురువారం కదా."

"అవును, డయాలిసిస్‌కి పోయుంటాడు. సాయంత్రం దాకా రాడు. హాయిగా పట్నంలో పడుకుని సూది పొడిపించుకుంటున్నాడు, మనకే ఈ మంట."

"ఆ కొత్తావిడ?"

"తలుపు కొట్టా, లేదు. పట్నం మనిషి, ఆవిడకేం, ఎటో షికారు పోయుంటుంది."

రాగ్నా ఎడ్విన్ ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. మనసులో చిన్న ముల్లులాంటిది కదిలింది. విత్తనాల పనిలో పడి మూడు వారాలైంది ఆ గడప తొక్కి.

హాల్వర్ నీళ్ళ బండి దిగి వచ్చాడు. బండ మనిషి, నోరు పెద్దది, చిన్నప్పుడు ఆమెతోపాటే బడికి పోయినవాడు.

"ఇంటిదాకా పోయి చూసొస్తా. ఒక్క పది నిమిషాలు."

"ఏ బండి మీద?"

"నీళ్ళ బండి మీదే. అందరం దీంట్లోనే వచ్చాం, ట్రాక్టరు అంత తొందరగా పోదు. ఇంకేముంది మన దగ్గర, గుర్రాలా?"

పొగ అప్పటికే ఎడ్విన్ చెట్ల వెనకాలకి వచ్చేసింది. కింద ఎర్రటి అంచు కనిపిస్తోంది. ఈ గాలికి అది రోడ్డుదాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. ఎదురుమంట పెట్టాలంటే రోడ్డు పొడుగునా గడ్డి అంటించాలి, రోడ్డు దాటి నిప్పురవ్వ ఊరివైపు పడకుండా నీళ్ళ బండి వెనకే నడవాలి. బండి లేకుండా అంటిస్తే తమ చేతులతో తామే ఊరిని తగలబెట్టినట్టు. బండి వచ్చేదాకా ఆగితే అంటించడానికి గడ్డే ఉండదు. అటు ఒక్క ఇల్లు, ఇటు హాలులో గున్నార్, పిల్లి, డోరీన్, మిగిలిన జనం.

"పద్నాలుగు నెలల్లో ఒక్క గురువారం మానలేదు ఆయన," అంది రాగ్నా. "మానితే బతకడు. నువ్వెక్కడికీ పోవద్దు."

"ఫోన్ ఎత్తలేదంటే ఇంట్లో లేడనేగా."

"అంతేగా."

"ఇల్లు పోతుంది, రాగ్నా."

"తెలుసు. నేను చెప్పుకుంటాలే. తిడితే నన్నే తిడతాడు."

గడ్డి అంటించే నిప్పు డబ్బా చేతిలోకి తీసుకుని సందుదారి మొదట్లోనే మొదలుపెట్టింది. గడ్డి ఒక్కసారిగా పట్టుకుంది. దక్షిణం వైపు ఆమె, వెనకాల హాల్వర్ బండి, ఉత్తరం వైపు దళంలో మిగిలిన మూడో మనిషి గ్లెన్, అతని వెనక ట్రాక్టరుతో నేల తిరగేస్తూ గ్లెన్ కొడుకు. సందుదారి రెండు పక్కలా మంట లేచి కలిసిపోయింది. ఆ దారిని మూసేసింది తానే అన్న సంగతి ఆమెకి తెలుసు. ఖాళీ ఇంటి దారి అనుకుంది, ముందుకు నడిచింది.

రెండు మంటలూ ఎదురెదురుగా పోయి ఎడ్విన్ ఇంటి దగ్గరే కలిశాయి. చెట్ల వరస ఒక్కసారి భగ్గుమంది. అందరూ చూశారు. తర్వాత కాలడానికి ఏమీ మిగలక మంట చచ్చింది. రోడ్డుకి ఇవతల ఒక్క గడ్డిపరక కాలలేదు. గ్లెన్ టోపీ తీసి ముఖం తుడుచుకుని నేల మీద కూలబడ్డాడు. ఊరు దక్కింది.

రాగ్నాకి ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో వాళ్ళమ్మ పుట్టింది. వంటింటి తలుపు మీద తన ఎత్తు కొలిచిన గీతలు కూడా ఉండేవి. మావయ్యని ఇక తన ఇంట్లోనే పెట్టుకోవాలి, ఒప్పుకోడు, అయినా సరే ఒప్పించాలి అనుకుంది. కింది గది ఆయనకిస్తే మెట్లెక్కే బాధ ఉండదు.

"అదిగో, వస్తున్నాడు నీ మేనమామ," అన్నాడు హాల్వర్, తూర్పుకి చెయ్యి చూపిస్తూ. "ఇక కాచుకో."

ఎడ్విన్ ఆకుపచ్చ బండి ఊరు దాటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అంత వేగంగా ఆయనెప్పుడూ తోలడు. పొగ చూసి కంగారుపడి ఉంటాడనుకున్నారు. రాగ్నా ముక్కు తుడుచుకుని, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఎదురు వెళ్ళింది. ఇల్లు పోతేనేం, మనిషి ఎదురుగా వస్తున్నాడు. ఆ క్షణాన ఆమెకి నిజంగా సంతోషమే కలిగింది.

బండి ఆగింది. లిడియా దిగింది. చేతిలో మందుల షాపు సంచి.

ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది.

"దారెందుకు నల్లగా ఉంది?" అంది లిడియా. "ఆయన్ని ఎటునుంచి తీసుకొచ్చారు?"

"ఇవ్వాళ గురువారం కదా," అన్నాడు హాల్వర్.

"ఈ వారం ఆయన గురువారం వంతు రేపటికి మార్చారు. మిషను బాగుచేస్తున్నారట. ఒంట్లో బాలేదంటే నేనే మందులకి వెళ్ళాను, బండి ఇచ్చాడు. ఈ మధ్య ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా నేనే, మీకు తెలుసుగా."

వాళ్ళకి తెలియదు. ఊళ్ళో తెలియని సంగతంటూ ఉండదనుకున్నవాళ్ళు, ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

"ఫోన్ ఎత్తలేదు," అంది రాగ్నా.

"నేను చేస్తే ఎత్తాడు. రేడియోలో మంట సంగతి విని పట్నం నుంచి చేశాను. పైపు తీసుకుని బయట ఇంటికప్పు తడుపుతానన్నాడు. మీ నంబరివ్వమన్నాను, నా దగ్గర ఇక్కడివాళ్ళ నంబరు ఒక్కటీ లేదు. నవ్వాడు." లిడియా వాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మాట సగంలోనే ఆమెకి అర్థమైపోయింది, అయినా ఆపలేకపోయింది. "'రాగ్నాకి చెప్పక్కర్లేదు, నేనెక్కడున్నానో దానికి తెలియకుండా ఉంటుందా' అన్నాడు."