జేబులో ఉండిపోయిన పిన్ను

"పొద్దున గ్యాస్ కట్టేశానంటారా?"

స్కూటర్ రెండు వీధులు దాటగానే ఈ ప్రశ్న వస్తుందని భర్తకు తెలుసు. పెళ్ళైన కొత్తలో అయితే పాపం బండి వెనక్కి తిప్పేవాడు. ఇప్పుడు తల కూడా తిప్పడు.

"కట్టేశావు. తాళం వేశావు. గొళ్ళెం లాగి చూశావు. నాచేత లాగించావు. పక్కింటావిడ అటు పోతుంటే ఆవిడచేత కూడా లాగించావు. చాలా, ఇంకేమైనా ఉందా?"

ఆమె నవ్వలేదు. ఇంట్లో అందరూ ఆమెను అనుమానపు పక్షి అంటారు. కానీ ఆ అనుమానానికే జీతమిచ్చే ఉద్యోగం ఒకటి లోకంలో ఉంది, అది ఆమెకు దొరికింది. కట్టడాల దగ్గర క్రేన్లు తనిఖీ చేసే అధికారిణి. ఊళ్ళో ఎక్కడ క్రేన్ నిలబెట్టినా ఆమె వచ్చి చూసి సరే అనాలి, అప్పుడే అది బరువెత్తాలి. ఏదైనా మూడుసార్లు చూడనిదే సరే అనదు కాబట్టి పనివాళ్ళు 'మూడుసార్ల మేడమ్' అని పేరు పెట్టేశారు. ఆ పేరు తన చెవిన పడ్డప్పుడు లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ రోజు తన బండి రిపేరుకిచ్చింది. అందుకే సెలవులో ఉన్న భర్త పొద్దున తనే దింపి, ఊళ్ళో పనులు చూసుకుని, మళ్ళీ కట్టడం దగ్గరకొచ్చి ఎక్కించుకున్నాడు. పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి పెద్ద క్రేన్ ఒకటి చూసి, "ఇక ఎత్తుకోండి" అని చెప్పి బయటపడింది. ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తిని ఆఫీసుకు పోవాలి.

ఇంటి ముందు బండి ఆగింది. తాళం చెవి కోసం జాకెట్టు మీద వేసుకున్న నారింజరంగు కోటు జేబులో చెయ్యి పెట్టింది. చేతికి తగిలింది తాళం చెవి కాదు.

బయటికి తీసింది. చిటికెన వేలంత ఇత్తడి పిన్ను. దాని చివర ఎర్ర రిబ్బను.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ పిన్ను సంగతి చెప్పాలి. క్రేన్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు తగిలిస్తే, లోపలున్న ఒక పరికరం గంట మోగించి క్రేన్‌ని ఆపేస్తుంది. ఎవరు ఎంత మొరపెట్టుకున్నా కదలనివ్వదు. పనివాళ్ళు దాన్ని 'గంట' అనే అంటారు. అయితే క్రేన్ ఇనుము గట్టిదో కాదో తేల్చాలంటే, ఒక్కసారి హద్దు మించిన బరువు ఎత్తించి చూడాలి. గంట ఒప్పుకోదు. అందుకని కింద ఇనుప పెట్టెలో ఉన్న ఈ పిన్ను లాగి, పరీక్ష అయ్యేదాకా గంటను నిద్రపుచ్చుతారు. అయ్యాక పిన్ను మళ్ళీ గుచ్చుతారు.

లాగిన పిన్నును పెట్టె పక్కనే ఉన్న కొక్కేనికి తగిలించాలన్నది పద్ధతి. ఆమెకు ఆ కొక్కెం మీద నమ్మకం లేదు. ఎవరైనా తగిలి కింద పడిపోతే? మట్టిలో కలిసిపోతే? అందుకే ఎక్కడికెళ్ళినా తన జేబులోనే భద్రంగా వేసుకుంటుంది. ఈ రోజు కూడా వేసుకుంది. పరీక్ష అయింది. సరిగ్గా అప్పుడే, బరువు తగిలించే కొక్కెం నోటికి అడ్డంగా ఉండే రేకు కాస్త బద్ధకంగా మూసుకుంటోందని అనుమానం వచ్చింది. తెరిపించింది, మూయించింది, మళ్ళీ తెరిపించింది. ఈలోగా సైటు ఇంజనీరు ఇనుప పెట్టె మూసి తాళం వేశాడు. రేకు ధ్యాసలో పడి ఆమె పెట్టె మాటే మర్చిపోయింది.

"ఏమండీ, బండి తిప్పండి. వెనక్కి."

"గ్యాస్ ఇక్కడే ఉందోయ్, తలుపు తీసి చూసుకో."

"గ్యాస్ కాదండీ! క్రేన్ గంట పిన్ను నా జేబులోనే ఉండిపోయింది!" ఆమె గొంతు విని అతను బండి తిప్పాడు, కానీ గొణుగుతూనే. "అనుమానమేగా? పిన్ను ఇంకోటి పెట్టి ఉంటారులే. లేకపోతే నువ్వు రెండు తీసుంటావు."

దారిలో ఇంజనీరుకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తడని ఆమెకు అర్థమైపోయింది. ఒకసారి సరే అన్నాక మళ్ళీ ఫోన్ చేస్తోందంటే కొత్త కొర్రీ పెట్టడానికే అనుకుని ఉంటాడు. ఆమె మనసు మారేలోపు పని కానిచ్చేద్దామని తొందరపడుతుంటాడు. అతని జాగాలో ఎవరున్నా అదే చేస్తారు. మరి ఆపరేటరు? క్యాబిన్‌లో ఫోన్ ఉండకూడదని రూలు పెట్టింది ఎవరు? తనే. సైగలిచ్చే మనిషి జేబులోనూ ఉండకూడదన్నదెవరు? తనే. గేటు దగ్గర ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేయించిందీ తనే.

"ఏం ఎత్తుతారట ఇవాళ?" అన్నాడు భర్త. గొంతులో వేళాకోళం తగ్గింది.

"ఇనప నీళ్ళ ట్యాంకు. కొత్త మేడ అవతలి మూలకి. దగ్గర్లో ఎత్తితే ఫర్వాలేదండీ. చంకలో బిందె పెట్టుకోవడం వేరు, అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోవడం వేరు కదా. చెయ్యి చాపాల్సిందే ఆ మూలకి పోవాలంటే. ఆ మూల కిందే పనివాళ్ళ రేకుల షెడ్డు ఉంది. ఇప్పుడు అన్నాల వేళ, అందరూ అందులోనే ఉంటారు."

అతను హారన్ మీద నుంచి వేలు తీయలేదు.

పెద్ద రోడ్డు మీద ఏదో పైపు కోసం తవ్వి పెట్టారు. బళ్ళన్నీ చిక్కుపడి ఉన్నాయి. ఇళ్ళ కప్పుల మీదుగా క్రేన్ కనబడింది. కొక్కేనికి ఆ ట్యాంకు వేలాడుతోంది. క్రేన్ చెయ్యి నెమ్మదిగా తిరుగుతోంది.

ఆమె స్కూటర్ మీద నుంచి దూకేసింది. గేటు అటువైపు వీధిలో ఉంది, చుట్టూ తిరిగి పోవాలి. అంత వ్యవధి లేదు. ఎదురుగా కుట్టుమిషన్ల షాపు, పక్కన మెట్లు. ఎవర్నీ అడక్కుండా ఎక్కేసింది. మెట్లు దాటుకుంటూ పోయింది. డాబా మీద ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? ఇటెందుకొచ్చావ్?"

పిట్టగోడ దగ్గరకెళ్ళి రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. ఆపు అనడానికి అది గుర్తు. బరువెత్తమనాలంటే సైగలిచ్చే మనిషి ఒక్కడే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు, ఎవరు చెప్పినా ఆపరేటరు ఆపి తీరాలి. ప్రతి సైటులోనూ నెత్తీ నోరూ బాదుకుని చెప్పే మాట.

ట్యాంకు ఆగలేదు. కొక్కెం మెల్లగా బయటి కొసవైపు జరుగుతోంది.

"చూడు బాబాయ్, ఇటు చూడు," అంది ఏడుపు గొంతుతో. అంత పైనున్న ఆపరేటరుకు వినబడదని తెలిసీ అంది.

"మీరూ చాపండమ్మా!" అని ఆవిడ మీద అరిచింది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ అరుపులో ఏముందో మరి, చేతిలో ఎర్ర దుప్పటితో సహా చాపేసింది. ఇద్దరాడవాళ్ళు డాబా మీద చేతులు బార్లా చాపుకుని నిలబడ్డారు. కింద రోడ్డు మీద బళ్ళవాళ్ళు తలెత్తి చూస్తున్నారు.

కొక్కెం ఆగింది.

ట్యాంకు కాస్త ఊగి, అదీ నిలబడింది. ఆమె చేతులు దించలేదు. ఒక చేత్తో 'లోపలికి తీసుకో' అని సైగ చేసింది. ట్యాంకు వెనక్కి, క్రేన్ ఒంటికి దగ్గరగా జరిగి, కిందకి దిగి, గోడ వెనక కనుమరుగయ్యేదాకా చూసింది. అప్పుడు కూలబడింది. దుప్పట్లావిడ మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి లేచింది.

గేటు దగ్గరకు చేరేసరికి భర్త అప్పటికే అక్కడున్నాడు. ఇంజనీరు ఎదురొచ్చాడు, ముఖం గంటుపెట్టుకుని.

"మేడమ్, మీరే పాస్ చేసి మీరే ఆపేస్తే ఎలాగండీ? ఖాళీ ట్యాంకు, ఎంత బరువుంటుందని!"

ఆమె చెయ్యి తెరిచి పిన్ను చూపించింది. అతను ఇనుప పెట్టె వైపు చూశాడు.

ఏమనుకుందో, ట్యాంకు దగ్గరకెళ్ళి అడుగునున్న కుళాయి తిప్పింది. నీళ్ళు బుస్సుమని తన్నుకొచ్చాయి. కారుతాయేమో అని నిన్న నింపి చూశారట. ఖాళీ చేయమని ఒకరు ఇంకొకరికి చెప్పారట, ఆ ఇంకొకరు ఆ రోజు రాలేదట. నీళ్ళు చెప్పుల మీదుగా పారుతూ షెడ్డు వైపు పోయాయి. అన్నం తింటున్నవాళ్ళు గిన్నెలు పట్టుకుని లేచి బయటికొచ్చారు. ఎంతసేపు చూసినా ధార సన్నబడలేదు.

ఇంజనీరు ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"మేడమ్, తప్పు మా వైపూ ఉంది, మీ వైపూ ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. పిన్ను గుచ్చేసి వెళ్ళిపోండి. ట్యాంకు ఖాళీ చేసి ఎత్తుకుంటాం. మీరు ఇటు రాలేదు, నేను చూడలేదు."

ఆ మాట ఎంత బాగుందో ఆమెకే తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగం, మూడుసార్ల మేడమ్ అన్న పేరు, అన్నీ ఆ చిన్న పెట్టెలో గుచ్చేసి తాళం వేసేయొచ్చు. భర్త వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

ఆపరేటరు నిచ్చెన దిగి వచ్చాడు. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి. పిన్ను చూశాడు, నీళ్ళు చూశాడు, అక్కడే ఉన్న ఇటుకల మీద కూర్చున్నాడు.

"ఆపినందుకు మంచిది బాబాయ్," అంది ఆమె.

"ఆపమంటే ఆపాను. అది కాదమ్మా." హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎత్తుతుంటేనే బరువు ఎక్కువున్నట్టు నా చేతికి తెలిసింది. తెలిసిందమ్మా. కానీ గంట మోగలేదు. పొద్దున మీరొచ్చి చూశారు కదా, మూడుసార్లు చూస్తారు కదా అనుకున్నా. నా చేతినే నేను నమ్మలేదు."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా పడేది.

ఆమె ఫోన్ తీసి, అక్కడే, అందరి ఎదుటే పై అధికారికి చేసింది.

"సార్, పొద్దున నేను పాస్ చేసిన క్రేన్ ఆపించాను. గంట పిన్ను నా జేబులో ఉండిపోయింది. ఇంకొకరిని పంపండి, మళ్ళీ మొదటి నుంచీ చూడాలి. దీన్ని నేను పాస్ చేయకూడదు."

అవతల ఆయనకూ నమ్మబుద్ధి కాలేదు.

"నువ్వా? ఏదో అనుమానపడుతున్నావులే అమ్మా. వచ్చే ముందు అన్నీ చూసుకునే ఉంటావు. చూశావా లేదా?"

చూశానండీ అనడం నోటికి అలవాటైన మాట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇటుకల మీద కూర్చున్న మనిషి తన అరచెయ్యి కేసే చూసుకుంటున్నాడు.

"లేదు సార్," అంది. "చూడలేదు."