తోమని రూపాయి

"ఇంగా గట్టిగా తోము. అడుగున నల్లగానే ఉండాది చూడు," అన్నది అక్కమ్మ, పెరటి గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని.

కోడలు తనూజ వెండి దీపపు కుందెకు మరికొంచెం చింతపండు పట్టించింది. పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో శుక్రవారం పూజ కోసం గురువారం పొద్దున పూజ సామాను తోమని వారం లేదు. కుందెలు, హారతి పళ్ళెం, చెంబు అయ్యాక చివర్న కలశంలో వేసే, దొరల కాలంనాటి రాణిబొమ్మ వెండి రూపాయలు ఐదు. వాటికీ చింతపండు, వాటికీ బూడిద. ఏళ్ళ తరబడి తోమీ తోమీ రాణిగారి ముక్కూ చెవీ అరిగిపోయాయి, అయినా అక్కమ్మకు అవి తళతళలాడితేనే లక్ష్మి. చుట్టుపక్కల ఇళ్ళలోనూ అంతే. అలా మెరిపించుకున్న రూపాయలను పట్టుకుని ఎంతమంది తనూజ వాళ్ళ పాత నాణేల అంగడికి వచ్చి, "ఎంత బాగా ఉంచుకున్నామో చూడండప్పా" అని సంబరంగా చూపించి, తోమిన నాణేనికి వెండి తూకం తప్ప ఇంకే విలువా ఉండదని తెలిసి మొహం వేలాడేసుకుని పోయారో తనూజకు లెక్కలేదు.

ఆ అంగడి కౌల్ బజార్‌లో, వాళ్ళ ఇంటి ముందుభాగంలోనే ఉంది. గనులు జోరుగా నడిచినన్నాళ్ళు భర్త చక్రధర్ లారీలు తిప్పాడు. గనులు ఆగాక లారీలు అమ్మేసి, చిన్నప్పటి సరదా అంటూ పాత నాణేల వ్యాపారంలోకి దిగాడు. ఒకరోజు ఎవరో తెచ్చిన రూపాయిని భూతద్దం కింద పెట్టుకుని గంటసేపు గింజుకుంటుంటే, కాఫీ ఇవ్వడానికి వచ్చిన తనూజ దాన్ని వెలుతురుకు ఒకసారి పక్కకు వంచి, "దీన్ని తోమినారు. బూడిదతో," అనేసింది. చక్రధర్ నవ్వాడు. తర్వాత బెంగళూరుకు పంపించి చూపిస్తే ఆమె మాటే నిజమైంది. అప్పుడు నవ్వలేదు. మర్నాటి నుంచీ ఆమె ముందు నాణేలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ విద్య ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. బూడిద గీత ఎలా వంపు తిరుగుతుందో, చింతపండు తిన్న వెండి ఎంత పాలిపోతుందో, గుడ్డతో రుద్దితే మెరుపు ఎక్కడ చస్తుందో ఆమె చేతికి తెలుసు. తోమేది తనే కదా. ఇంటి చాకిరీ ఆమెకు ఇచ్చింది ఏదైనా ఉందంటే అదొక్కటే, దాన్నీ మొగుడు వాడుకున్నాడు.

పన్నెండేళ్ళుగా చక్రధర్, తోరణగల్లు నుంచి వచ్చే అతని స్నేహితుడు మోహన్‌కృష్ణ కలిసి నాణేలకు మార్కులిచ్చే కంపెనీ నడుపుతున్నారు. నాణెం తెచ్చినవాళ్ళ దగ్గర రుసుము తీసుకుని, అది అసలుదా నకిలీదా, తోమారా లేదా చూసి, డెబ్బైకి ఇన్ని అని మార్కు వేసి, లేబుల్‌తో సహా పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తారు. ఆ పెట్టె మళ్ళీ తెరవాలంటే పగలగొట్టాల్సిందే. పెట్టె మీది అంకెను నమ్మి ఎక్కడో పూనాలో ఉన్నవాడు నాణేన్ని చేత్తో ముట్టకుండానే కొంటాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఇద్దరికీ చెందని మూడో మనిషి ఉండాలనీ, ఆ మనిషి మాటే ఈ వ్యాపారానికి ప్రాణమనీ చక్రధర్ సభల్లో గొప్పగా చెబుతాడు. ఆ చెప్పే మనిషే పక్క గల్లాలో కూర్చుని నాణేలు కొంటాడు, అమ్ముతాడు. అదేమిటని అడిగినవాళ్ళు లేరు. లేబుల్ మీద 'ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించారు' అని ఉంటుంది, కింద ఇద్దరి సంతకాలు. నాణేన్ని నిజంగా చూసేది మాత్రం కుక్కర్ మూడో కూతకూ నాలుగో కూతకూ మధ్య తనూజ ఒక్కతే. చూసి, మార్కు చీటీ మీద రాసి, మరిచిపోకుండా చీటీని నాణెం పక్కన పెట్టి ఫోన్లో ఫోటో తీసుకుని, అంగట్లోకి పంపుతుంది. ఒకసారి హుబ్బళ్ళి నుంచి వచ్చిన పెద్దాయన ఎవరో ఆమె చేతి ఉప్మా తింటూ, "మేడంకి కూడా నాణేలంటే ఆసక్తా?" అని అడిగితే, "ఆమెకేం గొత్తప్పా, ఏమీ తెలీదు. ఊరికే పెట్టెలు అతికిస్తాది," అన్నాడు చక్రధర్. ఆ మాటకు మోహన్‌కృష్ణ నవ్విన నవ్వు తనూజకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సోమవారం తెక్కలకోట బస్సు దిగి ఉచ్చంగెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, వరి నాట్లకు పోతుంది. అంగట్లో అప్పటికి మగవాళ్ళెవరూ లేరు. కొంగు ముడి విప్పి, అందులోంచి మాసిన గుడ్డ మూట తీసి, అందులోంచి ఒక్క రూపాయి తీసింది.

"మా అవ్వదమ్మా. పత్తి ఏరితే దొర చేతికిచ్చిన మొదటి కూలి. నీళ్ళు తగలనీయొద్దు, కడిగితే నా చెయ్యి పోతాది దాంట్లోంచి, అనేదంట. మా అమ్మా కడగలా, నేనూ కడగలా. ఇప్పుడు కూతురికి నర్సు కోర్సులో సీటు వచ్చినాది. ఇది ఏ మాత్రం చేస్తాదో నిజం చెప్పుమ్మా, చాలు."

తనూజ దాన్ని వెలుతురుకు వంచి చూసింది. అంచుల చుట్టూ గుడ్డలో మగ్గిన నీలిరంగు, మధ్యలో రాణి చెంప మీద అచ్చు గుద్దిననాటి మెరుపు చెక్కుచెదరకుండా ఉంది. చెవి కింద చిన్న నొక్కు తప్ప ఒక్క గీత లేదు. పన్నెండేళ్ళలో అలాంటిది చూడలేదు. చీటీ మీద 'అరవై నాలుగు, తోమలేదు' అని రాసి ఫోటో తీసుకుని, ఆమెను శనివారం రమ్మంది. ఆ పూట ఆమెకు అన్నం కూడా రుచిగా అనిపించింది.

గురువారం తోమడం అయ్యాక, పెట్టెలు బిగించే బల్ల దగ్గరికి వెళితే ఆ రూపాయి, దాని లేబుల్ సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడూ చదవకుండానే బిగించేది, ఈసారి చదివితే లేబుల్ మీద 'తోమినది, మార్కు లేదు' అని అచ్చయి ఉంది. పొరపాటు పడ్డారనుకుంది పిచ్చిది.

"లేబుల్ తప్పు పడినాదండీ. ఇది తోమింది కాదు," అంది.

చక్రధర్ తల ఎత్తలేదు. "అదే కరెక్టు. పెట్టు."

"నేను చూసినా కదా!"

"చూడటం నీ పని తనూజా. రాయడం నా పని. ఆమెకు వెండి రేటుకన్నా రెండింతలు మోహన్ ఇస్తానన్నాడు. ఆ పల్లె మనిషికి అదే ఎక్కువ."

"ఆయన కొన్నాక?"

చక్రధర్ లేబుల్‌ను ఆమె ముందుకు తోశాడు. ఇక అడగాల్సిన అవసరమూ లేదు. పోయినేడు ఒక అర్ధరూపాయి ఆమె ముందుకు రెండుసార్లు వచ్చింది, రెండోసారి మోహన్‌కృష్ణ పేరు మీద. "ఇది మనం పోయిన నెల పెట్టెలో పెట్టిందే కదండీ" అంటే, "నీ కళ్ళు అలిసిపోయినాయి, కళ్ళద్దాలు మార్పిస్తా" అన్నాడు. మార్పించాడు కూడా. కొత్త అద్దాలు పెట్టుకుని ఆమె తన చూపును తనే అనుమానించుకుంటూ ఏడాది గడిపింది. ఇప్పుడు అర్థమైంది. తోమిందని రాసి తక్కువకు కొనడం, పెట్టె పగలగొట్టడం, కొత్త మార్కుతో మళ్ళీ బిగించడం, పూనావాడికి అమ్మడం. కళ్ళు అలిసిపోలేదు. కళ్ళను మోసం చేశారు, ఆ కళ్ళనే అడ్డం పెట్టుకుని ఊళ్ళో వాళ్ళనూ మోసం చేశారు. ఎంత ధైర్యం వీళ్ళకి! తన చూపు ఒకటి కావాలి, తన మాట అక్కర్లేదు.

అయినా ఆ పూట పెట్టె బిగించింది. చేతులకు అలవాటైన భయం అలాంటిది. రాత్రంతా దానికి సిగ్గుపడింది.

శనివారం ఉచ్చంగెమ్మ వచ్చేసరికి చక్రధర్, మోహన్‌కృష్ణ ఇద్దరూ గల్లా దగ్గర ఉన్నారు. తనూజ కాఫీ పళ్ళెంతో గుమ్మంలో ఉంది.

"ఏం చేస్తాం తల్లీ, తోమేసినారు మీవాళ్ళు. తోమకుండా ఉండుంటే లక్షణంగా ఉండేది," అన్నాడు చక్రధర్, జాలి పడుతున్నట్టు.

ఉచ్చంగెమ్మ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ధర మాట అడగలేదు. "కడిగినామా? మేమా? మూడు తరాలప్పా. ఇల్లు మునిగిన ఏడు కూడా మా అమ్మ దాన్ని నోట్లో పెట్టుకోకుండా తలమీద పెట్టుకుని నడిచినాది, తడి తగుల్తాదని. అవ్వకిచ్చిన మాట తప్పినామంటావా?"

"మేం అనడం కాదమ్మా. ఇద్దరు నిపుణులు చూసి రాసింది," అన్నాడు మోహన్‌కృష్ణ.

తనూజ పళ్ళెం గల్లా మీద పెట్టింది. ఉచ్చంగెమ్మ చేతిలోని పెట్టె తీసుకుంది. బల్ల మీదున్న తూకపు ఇనుప గుండుతో అంచు మీద ఒక్క దెబ్బ వేసింది. ప్లాస్టిక్ రెండుగా చీలింది.

"ఏంది నువ్వు చేస్తాండేది?" చక్రధర్ లేచి నిలబడ్డాడు.

ఆమె అతనివైపు చూడలేదు. రూపాయిని అంచులు పట్టుకుని తీసి, ఉచ్చంగెమ్మ మాసిన గుడ్డలోనే పెట్టింది.

"అక్కా, దీన్ని తోమలేదు. తోమేదాన్ని నేను, నాకు తెలుసు. మీ అవ్వ చెయ్యి దీంట్లోనే ఉండాది. దీనికి అరవై నాలుగు మార్కులు. ఈ అంగట్లో మాత్రం అమ్మొద్దు."

ఉచ్చంగెమ్మ కళ్ళు తుడుచుకుంది. అయినా మోసపోబోయిన మనిషి, వెంటనే నమ్మలేదు. "ఆ మాటే కాగితం మీద రాసియ్యి తల్లీ. బయట అడుగుతారు గదా."

తనూజ చీటీ తీసుకుంది. రూపాయి సంవత్సరం, చెవి కింది నొక్కు, అంచు రంగు అన్నీ రాసింది. 'ఎవరూ తోమలేదు. చూసినది తనూజ,' అని కింద సంతకం పెట్టింది. పన్నెండేళ్ళలో ఒక నాణెం కింద ఆమె పేరు పడటం అదే మొదటిసారి.

"నీ సంతకం చూసి ఎవడు కొంటాడే? దానికేం విలువ ఉండాది?" అని అరిచాడు చక్రధర్.

తనూజ చీటీని ఉచ్చంగెమ్మ చేతిలో పెట్టి, నడుముకు దోపుకున్న ఫోన్ తీసింది. పన్నెండేళ్ళ నాణేలు, ప్రతిదాని పక్కన ఆమె రాసిన చీటీ.

"ఆ సంగతి నన్ను అడగొద్దండీ," అంది. "ఇన్నాళ్ళూ మీ సంతకం చూసి అమ్ముకున్నోళ్ళకీ కొన్నోళ్ళకీ అందరికీ ఇవి పంపిస్తాండా. వాళ్ళనే అడుగుదాం, ఎవరి సంతకానికి విలువ ఉండాదో."