తీసేసిన మెసేజ్ కింద మిగిలిన జవాబులు

లిఫ్ట్ మెకానిక్కుల ఫోరానికి మోడరేటర్‌గా ఉన్నందుకు ఆయనకు దక్కినవి రోజువారీ తలనొప్పి, "పెద్దన్న" అనే పిలుపు. ఎవరు తిట్టుకున్నా సర్దిచెప్పేవాడు. ఈసారి తగువు మాత్రం నేరుగా సొంతింటికే వచ్చి కూర్చుంది.

చాలా ఏళ్ళ క్రితం స్పానర్ అని పిలుచుకునే సభ్యుడొకడు ఫోరంలో ఒక మెసేజ్ పెట్టాడు. తనతో పనిచేసిన మెకానిక్, తలుపు తెరిచి ఉన్నా లిఫ్ట్ కదిలేలా వైరు కలిపేసి వెళ్ళిపోయాడనీ, దాంతో ఆ భవనం వాచ్‌మన్ కాలు విరిగిందనీ రాశాడు. పేరు కూడా రాశాడు. ఆ పేరు పెద్దన్న బావమరిదిది.

"బావా, కొత్త కంపెనీవాళ్ళు నా పేరు వెతికితే ముందు అదే కనిపిస్తోంది. తీసెయ్యి," అన్నాడు బావమరిది వచ్చీ రాగానే.

పెద్దన్న స్పానర్‌కి ఫోన్ చేశాడు.

"కళ్ళారా చూశాను కాబట్టే రాశానన్నా. అది చదివి ఇంకొకడు జాగ్రత్తపడితే చాలు. తీసేస్తే మీ ఇష్టం," అని పెట్టేశాడు స్పానర్.

"నా తమ్ముడు అలాంటివాడు కాదు," అంది భార్య.

స్పానర్ అబద్ధమాడే రకమూ కాదు. ఎటూ తేల్చుకోలేక, ఇంట్లో మొహం చూపించుకోవాలి కదా అని, డిలీట్ నొక్కేశాడు.

వారం తిరక్కుండా బావమరిది మళ్ళీ ఊడిపడ్డాడు. మెసేజ్ పోయింది గానీ, కింద జవాబులు పోలేదు. "ఛీ, వీడసలు మనిషేనా!" "ఇలాంటివాణ్ణి జైల్లో పెట్టాలి." అతని పేరూ వాటిలో ఉంది. పైన ఏముందో తెలియనివాళ్ళు తోచిందల్లా ఊహించుకుంటున్నారు.

"హత్యాయత్నమా అని అడిగాడు బావా, ఆ కొత్త కంపెనీ మేనేజరు! ఆ మెసేజ్ మళ్ళీ పెట్టెయ్."

"జవాబులు కూడా తీసేస్తే?"

"అంతా కలిసి దాచేశారంటారు."

పెద్దన్నకు బుర్ర తిరిగిపోయింది. "ఒక్క మాట చెప్పు. ఆ వైరు నువ్వు కలిపావా?"

"లేదనే ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ, ఆ రోజు నిజంగా ఏం చేశానో నాకే తెలియకుండా పోయింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పెద్దన్న మెసేజ్ తిరిగి పెట్టాడు. కింద "ఇది నిజం కాదని ఆయన అంటున్నారు" అని రాసి, అతను ఇప్పుడలా అనలేదుగా అని కొట్టేశాడు. "గుర్తులేదంటున్నారు" అని రాస్తే ఒప్పుకున్నట్టే ఉంది. విసిగిపోయి ఫోన్ బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వే రాసుకో."

అతను ఒక్క వాక్యం రాశాడు: "ఆ వాచ్‌మన్ ఇప్పుడెక్కడున్నారో ఎవరికైనా తెలుసా?"

అది సంజాయిషీయో ఒప్పుకోలో పెద్దన్నకు అంతుపట్టలేదు. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.