పారబోయలేని నీళ్ళు

వీధి చివర హనియా వాళ్ళ బావి పాడైన దగ్గర్నుంచి దలిందాకు నీళ్ళ వాసన చూడటం ఒక జబ్బయిపోయింది. చేద పైకి రాగానే ముక్కు పెట్టేది. వేలు ముంచి నాలుక మీద రాసుకునేది. అప్పుడు గానీ పాకే వయసున్న తన కూతురు సిరీన్‌కి ఆ నీళ్ళు పట్టేది కాదు.

నాబిల్ ఊరికి వెళ్ళే రోడ్డు మీద పెట్రోలు బంకు కింద పాతిన ట్యాంకు ఎన్నేళ్ళుగా కారుతోందో ఎవరికీ తెలియదు. ఇప్పుడక్కడ బంకు లేదు, గొయ్యి ఉంది. కంపు కొట్టే మట్టిని లారీలకెత్తుతున్నారు. గొట్టాలు దింపి, కిందున్న నీళ్ళు పైకి లాగి శుభ్రం చేస్తున్నారు. ఆ పని చూసే ఇంజనీరు గాజీ దలిందా వాళ్ళ బావి నీళ్ళు కూడా సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించాడు. మళ్ళీ వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"మీ బావిలోకి పెట్రోలు ఇంకా రాలేదమ్మా. చేదతో కావలసినన్ని తోడుకోండి. మోటారు మాత్రం వెయ్యొద్దు."

ఎందుకు వెయ్యకూడదో కూడా ఏదో చెప్పాడు. దలిందా చెవిలో మాత్రం "ఇంకా" అన్న మాటే ఉండిపోయింది. ఇంకా రాలేదు. అంటే దారిలో ఉందన్నమాట.

ఆమె చిన్నప్పుడు పుట్టింటి బావిలో కోడి పడి చచ్చింది. వాళ్ళ నాన్న అడుగు కనిపించేదాకా నీళ్ళు తోడించేశాడు. మర్నాటికి కొత్త ఊట ఊరింది, కొబ్బరినీళ్ళలా తియ్యగా. పాత నీళ్ళు పోతే కొత్త నీళ్ళు వస్తాయి. ఇది ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేని సంగతి.

అత్తగారు మన్నూబియా కూతురింటికి వెళ్ళిన వారంలో దలిందా పొద్దున్నే మోటారు వేసి, మధ్యాహ్నందాకా నీళ్ళు మిరపచేలోకి వదిలేసేది. రోజూ అంతే. నీళ్ళు తేటగా వచ్చాయి, వాసన లేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

అత్తగారు తిరిగి రాగానే ఏడాదికి సరిపడా కుస్కుస్ రవ్వ చేసుకునే పని మొదలైంది. వాడకట్టు ఆడవాళ్ళంతా గోధుమలు కడగడానికి చేరారు. వాకిట్లో గంగాళాలు వరసగా పెట్టారు.

"ఏం హనియా, నీ చేతులు మా గోధుమల మీద పెట్టకే, పెట్రోలు కంపు," అంది ఒకావిడ.

"పోనీలేవే, పొయ్యి తొందరగా అంటుకుంటుంది," అంది హనియా. అందరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు మధ్యలోనే మన్నూబియా చెయ్యి గంగాళంలో ఆగిపోయింది. నీళ్ళమీద పావురం మెడలా రంగులు తేలుతున్నాయి. ఇంకో చేద తోడారు. అందులోనూ అంతే. ఈసారి ముక్కు దగ్గరికి తీసుకోనక్కర్లేకపోయింది.

కబురందుకుని గాజీ వచ్చాడు. బావి చూశాడు, తడిసి నల్లగా ఉన్న మిరపచేను చూశాడు.

"మోటారు వేశారా?"

"అయ్యో, ఎంత మాట నాయనా!" అంది మన్నూబియా. "నా కోడలు చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. ఊరంతా వేసినా తను వెయ్యదు."

హనియా బావి వైపు చూసింది. దలిందా ముందుకొచ్చింది.

"వేశానండీ. పాత నీళ్ళు పోతే శుభ్రపడుతుందని..."

గాజీ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరు ఇక్కడ నీళ్ళు లాగితే ఆ గొయ్యి దగ్గర్నుంచే కదమ్మా రావాలి. మా గొట్టాల వైపు వస్తున్న పెట్రోలు కాస్తా మీ వైపు తిరిగింది."

"మళ్ళీ అంతా తోడేస్తే?"

"ఇంకా వస్తుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకండి," అన్నాడు. "మళ్ళీ తాగే నీళ్ళవ్వడానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ఈ గంగాళాల్లో నీళ్ళు మాత్రం నేలమీద పోయకండి, మళ్ళీ కిందికే పోతాయి. వాటిని పట్టుకెళ్ళడానికి పీపాలు పంపిస్తాను."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. హనియా వెళ్తూ వెళ్తూ దలిందా భుజం తట్టింది. మన్నూబియా ఉబ్బిన గోధుమల్ని చేత్తో ఎత్తి చూసి మళ్ళీ ఆ నీళ్ళలోకే జారవిడిచింది.

పీపాలు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

గంగాళాల మీద దలిందా పళ్ళేలు బోర్లించి రాళ్ళు పెట్టింది. ఎండకి వాసన పళ్ళేల సందుల్లోంచి వస్తూనే ఉంది. సిరీన్‌కి నీళ్ళంటే ప్రాణం. గచ్చుమీద పాక్కుంటూ వెళ్ళి, గంగాళం పట్టుకుని లేచి నిలబడి, పళ్ళెం మీద దబదబా చరుస్తుంది. దలిందా ఎత్తుకొచ్చి దూరంగా కూర్చోబెడుతుంది. అది మళ్ళీ పాకుతుంది. ఆమె మళ్ళీ లేస్తుంది.