గుండె మీద పిట్ట

ఏసమ్మ అచ్చు యంత్రం మూత దించింది. ఇనప పలకల మధ్య నీలం చొక్కా బుస్సుమంది. ఆవిరితో పాటు లేచిన కంపు ఎప్పటిలాగే ముందు కళ్ళలోకి, తరవాత గొంతులోకి దిగింది. కాలిన రబ్బరునీ చౌక రంగునీ ఎవరిదో పాత చెమటనీ కలిపి ఉడకబెట్టినట్టుండే కంపు అది. ముక్కుకి అడ్డంగా కట్టుకున్న పైటచెంగు దాన్ని ఆపదు. పోగుచేసుకుని సాయంత్రం దాకా ముక్కు కిందే అట్టేపెడుతుంది. యంత్రం కూత పెట్టగానే మూత ఎత్తి, ప్లాస్టిక్ పొరని వేడి మీదే గోటితో లాగింది. చొక్కా గుండె మీద తెల్లటి పిట్ట తేలింది. రెక్కలు విప్పి ఎగరబోతున్న పిట్ట.

ఆ పిట్ట ఏదో పెద్ద కంపెనీ గుర్తు. ఆ కంపెనీ మనుషులెవరూ ఆమదాలవలస మొహం చూసి ఉండరు. స్టేషను రోడ్డులో ధాన్యం గొడౌను వెనక, హుద్‌హుద్ తుఫాను గాలికి పాత రేకులు ఎగిరిపోతే కొత్తవి వేసిన షెడ్డులో, యజమాని అప్పలసూరి రోజూ వాళ్ళ పిట్టని పొదిగిస్తున్నాడు. ముందు గది దుకాణం, వెనక గది యంత్రం, మధ్యలో ఒక గళ్ళ దుప్పటి తెర.

ఉత్తి చొక్కాలు మూటలుగా రైల్లో వస్తాయి. వాటిని నేలమీద పడేస్తారు. ఎలకలు కొరికినా, పక్కన మడతలు పెట్టే చిన్నతల్లి వాటిమీదే కూర్చుని అన్నం తిన్నా అప్పలసూరి ఏమీ అనడు. పిట్టలు అచ్చువేసిన పొరలు మాత్రం ఇనప పెట్టెలో ఉంటాయి. పొద్దున్న తాళం తీసి ఇస్తాడు, సాయంత్రం మిగిలినవి చూసి లోపల పెట్టుకుంటాడు. తాళం దేనికి వేస్తారో చూస్తే లాభం దేనిలో ఉందో తెలిసిపోతుంది. గుడ్డలో లేదు, కుట్టులో లేదు, ఏసమ్మ చేతుల్లో అసలే లేదు. పిట్ట లేని చొక్కాకి పలికే ధర ఒకటి, ఉన్న చొక్కాకి పలికే ధర ఇంకొకటి. ఆ మధ్యనున్న తేడా అబద్ధం ఖరీదు. అది కొన్నవాడే ఇష్టంగా ఇస్తాడు.

ఏసమ్మకి యాభై దాటాయి. పొడుగ్గా, ఎండుచేపలా బిగిసిపోయిన మనిషి. ముంజేతుల మీద మూత అంచు తగిలి కాలిన గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వేళ్ళు గోళ్ళ మొదళ్ళ దాకా నీలం. ఆ వేళ్ళు తెల్లన్నంలో పెట్టడానికి మనసొప్పక చెంచాతో తింటుంది. ఈ పనికి రాకముందు పలాసలో జీడిపిక్కలు కొట్టేది. అక్కడ జీడి నూనెకి చేతులు బొగ్గయ్యేవి, తోలు ఊడేది. అయితే నల్ల తొక్క పగిలితే లోపల తెల్లటి పప్పు ఉండేది. చెయ్యి పాడైనందుకు ఏదో ఒక నిజమైన సరుకు బయటికొచ్చేది. ఇక్కడ చెయ్యి పాడవుతోంది, లోపల ఏమీ లేదు. కళ్ళు సరిగ్గా ఆనకపోవడంతో జీడి పని మానుకుని ఇక్కడికొచ్చింది. ఇది కూడా పోతే ఆమెని పెట్టుకునేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అప్పలసూరికీ తెలుసు.

తెర అవతల బేరం మొదలైంది. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు ఉన్న పెద్దమనిషి చొక్కా మెడ తిరగేసి చూస్తున్నాడు.

"ఒరిజినలేనా?"

"ఫస్ట్ కాపీ సార్."

"అంటే?"

"దొంగలో దొరబాబు సార్. మీరూ నానూ సెప్తే తప్ప దేవుడిక్కూడా తెల్దు."

పెద్దమనిషి నవ్వాడు. అడిగింది తెలుసుకోవడానికి కాదు, ఆ మాట వినడానికే. "మా బావమరిది కొడుక్కి పుట్టినరోజు. ధర చీటీ ఉంటే తగిలించండి. కంపెనీవాడి ధరే ఉండాలి మరి."

అప్పలసూరి సొరుగులోంచి చీటీల కట్ట తీశాడు. అడిగినవాళ్ళకి అవీ ఉంటాయి. పెద్దమనిషి గీసి గీసి బేరమాడి, చీటీ కట్టించుకుని, సంచీ కూడా కంపెనీదే అడిగి తీసుకుని, మెట్టు దిగుతూ ఆగాడు.

"బిల్లు ఇవ్వరా? అందరూ ఇలా పన్నులు ఎగ్గొడితే దేశం ఏం బాగుపడుతుందయ్యా?"

తెర ఇవతల చిన్నతల్లి నోటికి చొక్కా అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏసమ్మప్పా, ఇన్నావేటి? దేశం బాగుపడాలంట. ముందు ఆడి బామ్మర్ది బాగుపడాల."

ఏసమ్మకి నవ్వు రాలేదు. డబ్బు లేక తక్కువలో కొనుక్కునేవాణ్ణి చూస్తే ఆమెకి ఏమీ అనిపించదు. మేనల్లుడికి అబద్ధం కట్టి, దానికి దారం వేసి ముడివేసుకుని పోయేవాణ్ణి చూస్తే, కుళ్ళిన చేప మీద ఉప్పు జల్లి అమ్మేవాళ్ళని చూసినట్టుంటుంది.

అప్పలసూరి తెర తొలగించి తల లోపలికి పెట్టాడు. "ఏసమ్మా, మీ సర్చి కుర్రోళ్ళ సరుకు ఈయేల అయిపోవాల. మాపటేల పాల్ మేష్టారు వస్తాడు. మచ్చుకి ఒక సొక్కా ముందు తీసి ఉంచు."

ఆమె చొక్కా పరిచింది. ముందు వీపు. అచ్చువేసిన పొర మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. మూత దించి, ఎత్తి, పొర లాగింది. 'ఏసుదానం స్మారక వాలీబాల్ పోటీలు'.

బైబిలు చదివే వేగంతో, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. మొగుడి పేరు అంత దగ్గరగా, తన చేతి కింద ఎప్పుడూ చూడలేదు. సమాధి మీద కూడా లేదు.

ఏసుదానం రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. పొద్దు వాలాక చర్చి ఆవరణలో వల కట్టి పేటలో కుర్రాళ్ళకి ఆట నేర్పేవాడు. తొడుక్కోవడానికి బనీను, కాళ్ళకి ఏమీ లేదు. వల దగ్గర ఎగిరి అడ్డుకునేవాడు. అవతలివాళ్ళు కొట్టిన బంతి ఇతని వేలి కొసకి రాసుకుని గీత బయట పడేది. రిఫరీ కంటికి అది ఆనదు. ఏసుదానమే చెయ్యెత్తేవాడు, "నాకు తగిలింది" అని. పాయింటు అవతలివాళ్ళకి పోయేది. ఒకసారి పెద్దాటలో ఆఖరి పాయింటు అలాగే ఇచ్చేశాడు. తన జట్టు కుర్రాళ్ళు అతనితో మాట్లాడ్డం మానేశారు. పాల్ అప్పటికి చిన్న గుంటడు, వల స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. "ఎవులూ సూడనేదు కదా, ఏల సెప్పినావు?" అని ఏసమ్మే ఇంట్లో అడిగింది. "నా యేలు సూసింది కదే" అన్నాడు. కొన్నేళ్ళకి ఊక దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ప్రాణం పోయింది. ఆ మరుసటేడు నుంచి కుర్రాళ్ళు అతని పేరున పోటీలు పెడుతున్నారు. మైకు దగ్గర పాల్ ప్రతిసారీ ఆ వేలి సంగతే చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు.

ఏసమ్మ మచ్చు చొక్కాని ఇటు తిప్పింది. గుండె వైపు పిట్ట పెట్టాలి. పొర చేతిలోకి తీసుకుంది. మళ్ళీ పెట్టేసింది.

పాల్ ఎండ తగ్గాక వచ్చాడు. బొద్దుగా, మెడలో విజిలు తాడుతో, పలకరింపుగా నవ్వుతూ వచ్చాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, సంఘంలో యువజనుల నాయకుడు.

"ఏసమ్మత్తా, బాగున్నావా? మావ పేరు సూసినావా, ఎలగుంది?" చొక్కా అందుకుని ముందు వైపు తిప్పాడు. "ఇదేటి, పిట్ట ఏదీ?"

"ఎయ్యనేదు" అంది ఏసమ్మ. "దాన్ని ఒగ్గేయండి నాయినా. గుడ్డ అదే, కుట్టు అదే. ధర కూడా తగ్గుతాది."

అప్పలసూరి కళ్ళు చిట్లించాడు. పాల్ నవ్వేశాడు.

"పిట్ట నేకపోతే కుర్రోళ్ళు తొడుగుతారేటత్తా? టెక్కలి జట్టోళ్ళు సూసి ఎక్కిరించరా?"

"అది దొంగ పిట్టరా."

"ఎవులికి తెల్దు? టెక్కలోళ్ళదీ దొంగదే. అందరికీ తెలిసినాక ఇంక మోసమేటి? అసలుది కొనాలంటే మన గుంటల బాబులు నెల్లాళ్ళు బస్తాలు మోసినా సాలదు. ఆ కంపెనీవోడికి మనం కొనకపోతే ఏటి నష్టం?" గొంతు తగ్గించాడు. "నీ కూడు కూడా ఈ పిట్టే పెడతంది కదత్తా."

ఆ మాట నిజం. ఏసమ్మ దాన్ని మింగింది. తన చేతులకేసి చూసుకుంది.

"అవున్రా. తిన్నాను కాబట్టే దీని కంపు నాకు తెలుసు. డబ్బు నేకపోతే పిట్ట నేని సొక్కా తొడుక్కోండి. మీ మావ బనీనేసుకుని ఆడినాడు, ఎవులైనా ఎక్కిరించినారా? ఆ యేలి కత మైకులో ఏటేటా సెప్తావు. గుండె మీద దొంగ పిట్టెట్టుకుని ఈపు మీద ఆడి పేరెట్టుకుంటే ఎలగరా?"

పాల్ మెడలో విజిలు తాడు సవరించుకున్నాడు. "ఇప్పుడేటి సెయ్యమంటావత్తా?"

"రెండిట్లో ఒకటి ఉంచు. పిట్టో, పేరో."

షెడ్డులో యంత్రం కూత పెట్టింది. ఎవరూ మూత ఎత్తలేదు.

"నానొక్కణ్ణీ సెప్పీసేది కాదిది" అని పాల్ ఫోను తీశాడు. ఏసమ్మకి వినపడాలని కాబోలు, స్పీకరు నొక్కాడు. అవతల బంతి కొడుతున్న చప్పుడు. "ఒరే బాబీ, సొక్కా మీద పిట్ట గావాలా, ఏసుదానం మావ పేరు గావాలా? ఒకటే ఉంటాదంట."

ఫోను చేతులు మారింది. గుసగుసలు, నవ్వులు. ఎవడో దూరం నుంచి "పిట్ట! పిట్ట!" అని అరిచాడు. బాబీ గొంతు మళ్ళీ వచ్చింది. "పిట్టే సార్. పేరు ఎనక్కదా ఉంటాది, ఫొటోలో పడదు. పేరు బేనర్ మీద ఎలాగూ ఏయిస్తాం."

పాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏసమ్మ కళ్ళలోకి చూడలేదు. "బేనర్ పెద్దదే ఏయిస్తానత్తా. మైకులో కూడా సెప్తాను." అప్పలసూరి వైపు తిరిగాడు. "పేరు తీసేస్తే ధర ఏటన్నా తగ్గుతాదా?"

"ఎనకేపు అచ్చు తగ్గినాది కదా, సూసి తగ్గిస్తాను" అన్నాడు అప్పలసూరి.

అలా ఏసుదానం పేరుకి కూడా ధర కట్టారు. అది పిట్ట కంటే చాలా తక్కువకి తేలింది.

పాల్ వెళ్ళిపోయాక అప్పలసూరి పొరల దొంతర బల్ల మీద పెట్టాడు. కోపంగా కూడా లేడు. "పేరు మీదా నీ బెంగ? మా బాబు పేరు ఈ ఊర్లో ఎవులికి గుర్తుంది? పని కానియ్యి ఏసమ్మా, పొద్దోతంది."

"నాను ఎయ్యను బాబూ."

"నువ్వు కాపోతే సిన్నతల్లి ఎస్తాది."

"ఎస్తాది."

"రేపు కోపం తగ్గినాక రా అయితే."

"రాను."

అతను ఆమె కాలిన ముంజేతుల వంక, నీలం వేళ్ళ వంక చూశాడు. ఈ చేతులు బయట ఎక్కడ పనికొస్తాయో లెక్క వేసుకున్నట్టే చూశాడు.

ఏసమ్మ మచ్చు చొక్కాని మళ్ళీ పలక మీద పరిచింది, వీపు పైకి. "నాను ఏసిందే, నానే తీస్తాను" అంది. మూత దించి, ఎత్తి, అక్షరాల అంచులు వేడి మీద గోళ్ళతో పట్టుకుని లాగింది. తెల్లటి రబ్బరు సాగి సాగి తెగింది. ఒక్కో అక్షరం ఊడినప్పుడల్లా వేలి కొసలు చురుక్కుమన్నాయి. మధ్యలో ఆగలేదు. ఊడినవన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. దాన్ని చెత్తబుట్టలో వేసింది.

చిన్నతల్లి లేచి నిలబడింది. నవ్వే మొహం నల్లబడింది. "అప్పా, నాకు సంటిపిల్లలున్నారు."

"తెలుసే." ఏసమ్మ ముక్కు మీది పైటచెంగు విప్పుకుంది. "ముక్కుకి గుడ్డ కట్టుకో. మూత అంచు తగలనియ్యకు."

అన్నం గిన్నె సంచీలో పెట్టుకుని, చెప్పులేసుకుని, గొడౌను పక్క సందులోంచి స్టేషను వైపు నడిచింది. పలాస వెళ్ళే పాసింజరు ఆగి ఉంది. పిక్కలు కొట్టడానికి కళ్ళు ఆనకపోయినా, జీడి తొక్కలు ఎత్తడానికైనా పెట్టుకుంటారేమో అడగాలి. ఆడవాళ్ళ పెట్టెలో చేపల బుట్టలు ఖాళీ చేసుకుని తిరిగి వెళ్తున్నవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. ఆ బుట్టల నీచువాసన ఆమె గుండెల నిండా పీల్చుకుంది. అది దేని వాసనో అదే వాసన. రైలు కదిలింది.

షెడ్డులో చిన్నతల్లి పిట్టలు దించుతోంది, మూత చప్పుడు ఇంకా కుదురుగా రావడం లేదు. అప్పలసూరి మచ్చు చొక్కాని రెండు వైపులా తిప్పి చూశాడు. "ఇంకిదెవులు కొంతారు?" అనుకుని, యంత్రం తుడవడానికి పనికొస్తుందని తలుపు వెనక మేకుకి తగిలించాడు. దాని గుండె మీద ఏమీ లేదు. వీపు మీద మాత్రం, వెలుతురు పక్క నుంచి పడినప్పుడల్లా, అక్షరాలు అతుక్కుని ఊడిన మేర గుడ్డ మెరుస్తోంది.