అమ్మ చేతి బేగెల్

“మూడు నిమిషాలన్నాను. ఇది మూడున్నర,” అన్నాడు భర్త, బేగెల్ ముక్కని గోటితో తట్టి చూసి.

మధ్యలో చిల్లుండే ఆ గుండ్రటి రొట్టెని కోసి మళ్లీ కాల్చడానికి ఆ ఇంట్లో ముగ్గురికి మూడు లెక్కలు. భర్తకి మూడు నిమిషాలు. పళ్లు కదులుతున్నాయి కాబట్టి అత్తగారికి రెండు. ఆడపడుచుకి అంచులు నల్లబడాలి, అయిదు. వేడిగాలితో కాల్చే ఎయిర్ ఫ్రయర్ బుట్టలో ఒక వాయికి మూడే పడతాయి. నాలుగోది ఆమెది. అది తర్వాతి వాయిలో పడాలి, కానీ ఆ వాయి పడేలోపు ఎవరికో ఒకరికి రెండోది కావాల్సి వచ్చేది. ఆమె దాన్ని చల్లగానే, గిన్నెలు కడుగుతూ, నిలబడి తినేది.

ఆ మిషను భర్తే కొన్నాడు, ఆమె పుట్టినరోజుకి. “ఇక నీకు పనేముంది? పెట్టడం, తీయడం. మిగతాదంతా అదే చూసుకుంటుంది,” అన్నాడు. అత్తగారు వెంటనే అందుకుంది. “పిల్లా జెల్లా లేకపోయె. ఇక పొయ్యి దగ్గరా పని లేకపోతే, నీ పెళ్లాన్ని గాజు బీరువాలో పెట్టుకుని చూసుకోవాలిరా నాయనా.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు.

బేగెల్ చేయడం ఆమె తనంతట తనే నేర్చుకుంది. పెళ్లికి ముందు మందుల కొట్లో పొడులు తూచి పొట్లాలు కట్టిన చేతులవి, కొలత తప్పవు. పెరుగుని బట్టలో మూటగట్టి, కుళాయికి వేలాడదీసి, నీళ్లన్నీ కారిపోయేదాకా రెండు గంటలు ఆగేది. గట్టిపడ్డ ఆ పెరుగులో మైదా, బేకింగ్ పౌడరు, ఉప్పు వేసి కలిపి, ఒక్కో ముద్ద ఎనభై గ్రాములు తూచి, తాడులా సాగదీసి, కొసలు కలిపి చక్రం చేసేది. పైన గుడ్డు సొన పూసి, నువ్వులు చల్లి, నూట నలభై డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు. పైన కరకర, లోపల మెత్తన. మొదటిసారి సరిగ్గా వచ్చిన రోజున వంటింట్లో ఒక్కతే నిలబడి, ఆ చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది. డొల్ల శబ్దం వచ్చింది. అంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకి గుర్తు రాలేదు.

ఆ సంతోషాన్ని ఎవరికీ చెప్పలేదు. కానీ ఆమె చేస్తుండగా భర్త ఒకరోజు ఫోన్‌తో వీడియో తీశాడు. ఆయన బీమా ఏజెంటు. మాటలతో బతికేవాడికి చూపించడం కూడా వచ్చేసింది. ఆ వీడియోకి అత్తగారి గొంతు పెట్టాడు, అత్తగారి మొహం పెట్టాడు, ‘అమ్మ చేతి బేగెల్’ అని పేరు పెట్టాడు. చేతులు మాత్రం ఆమెవి. వారం తిరిగేసరికి వేలమంది చూశారు. అందులో ఒకాయన, చేతి మీద ఆ మచ్చలేమిటని అడిగాడు. బుట్ట అంచు తగిలి కాలిన మచ్చలు, మణికట్టు దగ్గర మూడు.

“ఆ చేతులు చూస్తే తినబుద్ధవుతుందా ఎవరికైనా?” అన్నాడు భర్త. మర్నాడు నల్ల గ్లవ్స్ తెచ్చి తొడిగించి, అదే వీడియో మళ్లీ తీశాడు. ఆ గ్లవ్స్‌లో ఉన్నవి ఎవరి చేతులైనా కావచ్చు. ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

ఒక సోమవారం ఫోన్ వచ్చింది. భర్త స్పీకర్లో పెట్టాడు. అవతల ఒక ఆడగొంతు, ముక్కుసూటిగా మాట్లాడింది. పెద్ద ఆఫీసు భవనం కింద తనకో తినుబండారాల కొట్టుందనీ, అక్కడ పెద్ద ఓవెన్‌కి చోటు లేదనీ, వరసగా నాలుగు ఎయిర్ ఫ్రయర్లు పెట్టి జనం చూస్తుండగా వేడివేడిగా బేగెల్స్ ఇవ్వాలనుకుంటోందనీ చెప్పింది. “మాట్లాడే పెద్దావిడ కాదు, ఆ గ్లవ్స్ వేసుకున్న మనిషి కావాలి నాకు. పిండిని తాకే తీరు చూస్తే తెలుస్తుంది. నెల జీతం, వారానికో సెలవు. గురువారం పదింటికి పంపండి, ఒక వాయి చేయించి చూస్తాను.”

గుమ్మంలో నిలబడ్డ ఆమె చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. పిండిని తాకే తీరు. పన్నెండేళ్లలో ఆమె చేసిన దేనికీ ఒక తీరు ఉందని ఎవరూ అనలేదు.

“తప్పకుండానండీ. ఆ చేతులు మా చెల్లెలివి,” అన్నాడు భర్త.

ఫోన్ పెట్టేశాక ఆమె అంది, చాలా మెల్లగా, “అవి నా చేతులు కదండీ.”

“ఎవరు కాదన్నారు? నీకిప్పుడు ఉద్యోగం దేనికి? మొగుడున్నాడు, ఇల్లుంది. దాని సంగతి చూడు. మొగుడు వదిలేసి ఏడాదవుతోంది. దానికో దారి చూపించొద్దా?”

“దీనికేం తెలుస్తుందిరా,” అంది అత్తగారు. “కన్నదానికి తెలుస్తుంది కడుపు కోత.”

ఆడపడుచు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. చెడ్డపిల్ల కాదు. పుట్టింట్లో తిండి ఎన్నాళ్లు దొరుకుతుందో లెక్కేసుకుంటున్న మనిషి, అంతే. పక్కవాళ్ల కంచంలోకి చేయి పెట్టేటప్పుడు అలాంటివాళ్లు కళ్లు దించుకుంటారు.

గురువారంలోపు ఆడపడుచుకి నేర్పమన్నారు. ఆమె నేర్పబోయింది. మంగళవారం ఆడపడుచు గోళ్ల రంగు ఆరలేదంది. బుధవారం తలనొప్పంది. “వీడియో ఉందిగా వదినా. ఇరవైసార్లు చూశాను. మొత్తం కంఠతా వచ్చు.” చివరికి భర్త దారి కనిపెట్టాడు. “నువ్వే పొద్దున లేచి పిండి కలిపి డబ్బాలో పెట్టెయ్. ఇది అక్కడికెళ్లి చుట్టి కాల్చేస్తుంది. అదెంత సేపు?”

గురువారం ఆమె నాలుగింటికి లేచి, తను చేయవలసిన పరీక్షకి ఇంకొకరి కోసం పిండి కలిపింది. పాడు చేద్దామన్న ఆలోచన రాకపోలేదు. చిటికెడు ఉప్పు ఎక్కువేస్తే చాలు. కానీ చేయి ఒప్పుకోలేదు. ఎప్పటిలాగే కలిపి, తడిబట్ట కప్పి, డబ్బా మూత పెట్టింది. నల్ల గ్లవ్స్ కూడా కడిగి ఆరేసి ఇచ్చింది. అన్నాచెల్లెళ్లు తొమ్మిదిన్నరకి బండెక్కి వెళ్లిపోయారు.

పదీ ఇరవైకి ఫోన్ మోగింది. ఆడపడుచు. గొంతు అణచుకుని మాట్లాడుతోంది. వెనకాల కుళాయి శబ్దం.

“వదినా, బాత్రూంలోంచి చేస్తున్నా. ఆవిడ మన డబ్బా పక్కన పెట్టేసింది. ఇంటి నుంచి తెచ్చింది వద్దంట, వాళ్ల మైదా, వాళ్ల పెరుగుతో మొదట్నుంచీ కలపమంది. కలిపాను. జారిపోతోంది వదినా, జావలా అయింది. ఏం చేయను?”

“పెరుగు వడకట్టావా?”

“వడకట్టడమేంటి? వీడియోలో అది లేదు కదా.”

లేదు. నిజమే. ఎడిటింగ్ చేసేటప్పుడు ఆ భాగం చూసి భర్త ఆవలించాడు. ‘మూట వేలాడుతుంటే ఎవడు చూస్తాడు’ అంటూ కత్తిరించేశాడు. ఆ ఇంట్లో ముగ్గురూ ఆమె పనిని ఆ వీడియోలోనే చూశారు. వంటింట్లో, ఎదురుగా, కుళాయికి రోజూ వేలాడే మూటని ఒక్కరూ చూడలేదు.

ఒక్క మాట చాలు. మైదా చెంచా చెంచాగా వేస్తూ పో, పది నిమిషాలు మూతపెట్టి ఉంచు. అదేం గొప్పగా రాదు, కానీ చక్రం నిలబడుతుంది. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది.

“చెప్పు వదినా. ఇది పోతే నన్ను ఇంట్లో ఉండనివ్వడు అన్నయ్య. నిన్ననే అన్నాడు.”

అంతలో ఫోన్ చేతులు మారింది. బాత్రూం తలుపు అవతలే కాపలా ఉన్నట్టున్నాడు భర్త. “ఏం నాటకాలేస్తున్నావ్? అది ఏడుస్తోంది ఇక్కడ. తొందరగా చెప్పి చావు. లేకపోతే ఇంటికొచ్చాక నీ పని చెప్తాను.”

ఆమె ఫోన్ కట్ చేసింది. చిల్లర పర్సు తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

“ఎక్కడికే?” అంది అత్తగారు, ఆమె చెప్పులు వేసుకోవడం చూసి. “నా రెండో బేగెల్ ఏదీ?”

“బుట్టలో పెట్టాను అత్తయ్యా. గంట కొట్టగానే తీసుకోండి.”

“నాకు దాన్ని తీయడం రాదు.”

“వీడియోలో మీరే చెబుతారుగా ఎలా తీయాలో,” అని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

ఫోన్లో విన్న ఆ ఆఫీసు భవనానికి బస్సులో రెండు స్టాపులు. ఇంటి బట్టలే, జుట్టు ముడే. కొట్టు వెతుక్కోనక్కర్లేదు, గాజు తలుపు వెనక నాలుగు ఎయిర్ ఫ్రయర్లు వరసగా కనిపించాయి. బల్ల మీద గిన్నెలో తెల్లటి జావ. నల్ల గ్లవ్స్ నిండా పిండి అంటుకుని ఆడపడుచు. పక్కన భర్త, నవ్వు అతికించుకుని. వాళ్లకి ఎదురుగా కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న లావుపాటి యజమానురాలు.

“ఎవరమ్మా నువ్వు?” అంది ఆవిడ.

భర్తే ముందు నోరు తెరిచాడు. “మా ఇంట్లో పనిచేసే మనిషండీ. తాళాల కోసం వచ్చినట్టుంది.”

కొట్టులో ఇద్దరు ముగ్గురు కాఫీ తాగుతున్నారు. వాళ్లు తల తిప్పి చూశారు. ఆమె చెవులు వేడెక్కాయి. ఆ వేడి మెడ దాకా దిగింది, అక్కడ ఆగిపోయింది.

“నిజమేనండీ,” అంది యజమానురాలితో. “వీళ్లింట్లో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. జీతం లేదు. ఆయన నా భర్త. వీడియోలో చేతులు నావి.”

యజమానురాలు కళ్లజోడు పెట్టుకుని ఆమె మణికట్టు వైపు చూసింది, తర్వాత ఆడపడుచు వైపు. “ఇదేమైంది?” అంది, గిన్నె చూపించి.

“పెరుగు వడకట్టలేదు.”

“వీడియోలో వడకట్టడం లేదే.”

“కత్తిరించారండీ. చూడ్డానికి బావుండదని.”

ఆవిడ ముక్కుతో నవ్వి, ఒక పెరుగు డబ్బా, ఒక శుభ్రమైన బట్ట ముందుకు తోసింది. ఆమె చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా. ఆడపడుచు దగ్గరికొచ్చి కొంగు పట్టుకుంది. “వదినా, మరి నా సంగతి?”

బస్సులో వచ్చినంతసేపూ ఆ ప్రశ్నకి ఓదార్పు మాట ఒకటి వెతికింది. దొరకలేదు. “నాకు తెలీదు,” అంది. ఆ పిల్ల మొహం చిన్నబోయి, ముడుచుకుపోవడం చూసింది. చూస్తూనే కొంగు విడిపించుకుంది.

రెండు గంటల తర్వాత కలిపింది. తూచింది, సాగదీసింది, కొసలు కలిపింది. భర్త వెళ్లలేదు. మూలనున్న కుర్చీలో కూర్చుని, కాలు ఊపుతూ, ఆమె వైపు చూస్తూనే ఉన్నాడు. పదిహేను నిమిషాలకి బుట్ట లాగింది. యజమానురాలు ఒకటి తీసి, కోసి, కాల్చి తింది. రెండోది కూడా తింది.

“తెల్లారి నాలుగింటికి పని మొదలవ్వాలి. రేపట్నుంచే,” అంది నోరు తుడుచుకుంటూ. “అంత పొద్దున రాగలవా? మీ ఇల్లు ఎంత దూరం?”

“కుదరదండీ,” అంటూ భర్త లేచి నిలబడ్డాడు. “ఇంట్లో పెద్దావిడుంది. పొద్దున్నే ఆవిడ పనులు…”

“ఇల్లు ఇంకా చూసుకోలేదండీ,” అంది ఆమె. “ఇక్కడికి దగ్గర్లోనే చూసుకుంటాను.”